ముట్టుకోవద్దు అనే బోర్డు తీసేశాక

(ఇన్‌స్టలేషన్ ప్రాజెక్టులు మొదలుపెడుతున్న విద్యార్థులతో మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది. చివర్లో అడిగిన రెండు ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ సెమిస్టర్‌లో మీరందరూ ఒక్కో ఇన్‌స్టలేషన్ చేయబోతున్నారు. జనం వచ్చి పట్టుకుని, తిప్పి, తెరిచి, అవసరమైతే మీద కూర్చుని చూసేది, దాని వెనకాల కంప్యూటరో ప్రొజెక్టరో స్పీకరో ఏదో ఒకటి పనిచేస్తూ ఉండేది. ఇలాంటివి చేసే పిల్లల పక్కన చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను కాబట్టి ఒక్క విషయం గట్టిగా చెప్పాలని వచ్చాను. మీ పని మొదలవ్వాల్సింది చూడటానికొచ్చినవాళ్ల చేతి దగ్గర. తెర సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఎందుకంటున్నానో ఒక గోళీతో మొదలుపెట్టి చెప్తాను.

1992లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డరెల్ బిషప్ అనే విద్యార్థి ఒక ఆన్సరింగ్ మెషీన్ డిజైన్ చేశాడు. మీలో చాలామంది ఆన్సరింగ్ మెషీన్ చూసి ఉండరు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్ వస్తే అవతలివాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టే డబ్బా అది. మామూలుగా వాటి మీద అన్నీ బటన్లే, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో పుస్తకం చూసి నేర్చుకోవాలి. బిషప్ మెషీన్‌లో మాత్రం మెసేజ్ వచ్చినప్పుడల్లా ఒక గోళీ దొర్లుకుంటూ బయటికొస్తుంది. ఇంటికొచ్చి చూస్తే మూడు గోళీలున్నాయి, అంటే మూడు మెసేజ్‌లు. ఒక గోళీ తీసి మెషీన్ మీదున్న చిన్న గుంటలో పెడితే ఆ మెసేజ్ వినపడుతుంది. అదే గోళీని ఫోన్ మీద పెడితే ఆ మనిషికే తిరిగి ఫోన్ కలుస్తుంది. అంతే.

ఆలోచించండి, ఇందులో నేర్చుకోవాల్సింది ఏముంది? గోళీని తీయడం, పెట్టడం మనకు రెండేళ్ల వయసు నుంచే వచ్చు. కంటికి కనపడని మెసేజ్‌కి ఒక బరువు, ఒక చోటు వచ్చాయి. అదొక ప్రోటోటైపే, అయినా వస్తువుకూ డిజిటల్‌కూ ముడిపెట్టే పని గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఆ గోళీల దగ్గరికే వస్తారు. ఒక విద్యార్థి చేసిన పని అది. అందుకే ముందు అదే చెప్పాను.

అంతకు ఇరవై ఏళ్ల కిందటే ఇంకో విద్యార్థికి ఇంకో పాఠం దొరికింది. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో మైరన్ క్రూగర్, అప్పటికి కంప్యూటర్ సైన్స్ చదువుకుంటున్నాడు, కొంతమంది కళాకారులతో కలిసి గ్లోఫ్లో అనే చీకటి గదిని కట్టడంలో పనిచేశాడు. గోడల వెంబడి పారదర్శకమైన గొట్టాలు, వాటిలో వెలుగు పడితే మెరిసే పొడి కలిపిన నీళ్లు, నేల మీద ఒత్తిడిని పసిగట్టే పలకలు, వెనకాల కంప్యూటర్. మనిషి ఎక్కడ అడుగేస్తే దాన్నిబట్టి వెలుగు, శబ్దం మారతాయి. కానీ జనం ఊరికే గంతులేసి గదిలో ఉన్న ప్రశాంతతని చెడగొడతారేమో అని, అడుగు పడ్డాక కాసేపు ఆగి స్పందించేలా కావాలనే పెట్టారు. ఏమైందంటే, ఆ గది తమకే స్పందిస్తోందన్న సంగతి వచ్చినవాళ్లలో చాలామందికి తెలియనే లేదు. బాగుందే అని చూసి వెళ్లిపోయారు.

క్రూగర్ దాన్ని వదల్లేదు. 1971లో సైకిక్ స్పేస్ అని మళ్లీ కట్టాడు, ఈసారి నేల మీద అడుగు పడితే వెంటనే శబ్దం వచ్చేలా చేశాడు. గది అందంగా ఉందా లేదా అన్నదాని కన్నా, మనిషి చేసినదానికి గది ఏం బదులిచ్చింది అన్నదే ఈ కళలో అసలు ముడిసరుకు అని ఆయన తేల్చుకున్నాడు. నేను ప్రతి బ్యాచ్‌కీ ఈ కథ చెప్తాను. ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లోనూ కనీసం రెండు గ్రూపులు తమకు తెలియకుండానే గ్లోఫ్లో కడతాయి.

ఎలా కడతాయో చెప్తాను. ఆలస్యం. మనిషి ముట్టుకున్నాక సెకనులో పదో వంతు లోపు ఏదో ఒకటి జరిగితే 'నేను చేశాను' అనిపిస్తుంది. అది అర సెకను దాటితే మనసు వేరే కారణాలు వెతుక్కోవడం మొదలుపెడుతుంది. మీ దగ్గర అందరూ వాడే ఆ అల్ట్రాసోనిక్ సెన్సార్ ఉంది కదా, రెండు కళ్లున్నట్టు ఉంటుంది, శబ్దం పంపి అది ఎదుటివాటికి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి దూరం కొలుస్తుంది. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, మనిషి 2 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడం 4 మీటర్లు, అంటే సుమారు 12 మిల్లీసెకన్లు. సెన్సార్ తప్పేమీ లేదు. కానీ రీడింగులు గంతులేస్తున్నాయని మీరు పదింటి సగటు తీస్తారు, ఒక్కో రీడింగుకీ మధ్య 60 మిల్లీసెకన్లు ఆగుతారు, అక్కడికే 600 అయింది. ఆ తర్వాత వీడియో ఫైల్ అప్పటికప్పుడు తెరుచుకోవడానికి ఇంకో సెకను. మనిషి అప్పటికే ముందుకెళ్లిపోయాడు, వెనకాల గోడ మీద వీడియో ఒంటరిగా ఆడుతూ ఉంటుంది. నిజంగా చూడలేం అది, మూడు నెలలు కష్టపడిన పిల్లలు పక్కనే నిలబడి ఉంటారు.

దీనికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే. పెద్ద స్పందన ఆలస్యమైనా పర్లేదు, ముట్టుకున్న క్షణంలో చిన్నది ఒకటి జరగాలి. ఒక చిన్న లైటు వెలగనివ్వండి, లేదా టక్కుమని శబ్దం రానివ్వండి. విన్నాను అని వస్తువు చెప్పాలి, జవాబు తర్వాత ఇచ్చినా మనిషి ఆగి చూస్తాడు. వీడియోలన్నీ ముందే లోడ్ చేసి పెట్టుకోవాలన్నది మీకు వేరే చెప్పక్కర్లేదు.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను, అవి మీకు ల్యాబ్‌లో చెప్తారు. ఒక్క మాట మాత్రం. మీరు చేతిలో పట్టుకునే ఆర్డుయినో బోర్డు, అంటే సెన్సార్లనీ లైట్లనీ కలిపి మీ ప్రోగ్రామ్‌తో నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు, ఇంజనీర్ల కోసం పుట్టింది కాదు. 2005లో ఇటలీలో ఇవ్రెయా అనే ఊళ్లో ఉన్న ఇంటరాక్షన్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఎలక్ట్రానిక్స్ తెలియని డిజైన్ విద్యార్థులకు చవగ్గా, తేలిగ్గా వాడుకునేలా ఒకటుండాలని చేశారు. దానికి ముందు అదే చోట ఎర్నాండో బర్రగాన్ అనే విద్యార్థి 2003లో తన మాస్టర్స్ థీసిస్ కోసం వైరింగ్ అనే ఇలాంటి బోర్డూ, దానికి ప్రోగ్రామ్ రాసే పద్ధతీ తయారుచేశాడు, ఆర్డుయినోకి పునాది అదే. కాబట్టి ఆర్ట్ విద్యార్థులం, మాకు సర్క్యూట్లు ఏం తెలుస్తాయి అని భయపడేవాళ్లకు చెప్తున్నాను, ఇది మీలాంటివాళ్ల కోసమే, మీలాంటివాళ్లే చేసిన పనిముట్టు. ఆర్డుయినోల్లో మామూలు రకమైన ఊనో బోర్డు ఒక సెన్సార్‌ని చదివితే 0 నుంచి 1023 లోపు ఒక అంకె ఇస్తుంది. లోకంలో ఉన్న వెలుగు, ఒత్తిడి, వేడి, అన్నీ మీ దగ్గరికి ఆ అంకెగానే వస్తాయి. ఆ అంకె మీద మీరేం కడతారన్నదే మీ పని.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథకి వస్తాను. ఇది మన విద్యార్థులదే, పేర్లు చెప్పను.

ముగ్గురు పిల్లలు. వాళ్లలో ఒక అమ్మాయి వాళ్లమ్మ బట్టలు కుట్టి ఇల్లు నడిపింది. ఆ పని మీద ఏదైనా చేయాలనుకున్నారు. మొదట వేసుకొచ్చిన ప్లాన్ ఏమిటంటే పెద్ద గోడ, దాని మీద ఫోటోలు, ముందు ఒక కెమెరా, మనిషి గాలిలో చెయ్యి ఊపితే ఫోటోలు మారతాయి. చేశారు, పనిచేసింది కూడా. నేను ల్యాబ్ బయట నడిచిపోతున్న ఒకరిని పిలిచి నిలబెట్టాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఫోటో చూశాడు. ఎంతసేపు చూసినా అదే ఫోటో. చెయ్యి ఊపాలని ఆయనకెందుకు తోస్తుంది? పిల్లలు వెంటనే, మేడమ్, పక్కన బోర్డు పెడతాం, చెయ్యి ఊపండి అని రాస్తాం అన్నారు. బోర్డు సరే, చెయ్యి ఊపడానికీ కుట్టుపనికీ ఏమిటి సంబంధం అని అడిగాను. ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వారం తర్వాత వాళ్లమ్మ పాత కుట్టుమెషీన్ మోసుకొచ్చారు. నల్లది, ఇనుముది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదు. వాళ్లమ్మ ఒక షరతు మీద ఇచ్చింది. ఒక్క చిల్లు కూడా పెట్టకూడదు, ఒక్క చుక్క జిగురు పడకూడదు, మళ్లీ కుట్టుకునేలా తిరిగి రావాలి. మొదట పిల్లలు దిగాలుపడ్డారు, కానీ ఆ షరతే వాళ్లని బాగా ఆలోచింపజేసింది. పక్కనున్న చేతిచక్రం ఇనుముది కాబట్టి ఎనిమిది చిన్న అయస్కాంతాలు దాని లోపలి వైపు పెట్టారు, జిగురు లేకుండా వాటంతట అవే అతుక్కున్నాయి. చక్రం వెనక విడిగా ఒక చెక్క స్టాండు, దాని మీద పక్కపక్కనే రెండు హాల్ సెన్సార్లు, అంటే అయస్కాంతం దగ్గరికొస్తే పసిగట్టేవి. రెండెందుకంటే, ఏది ముందు పసిగట్టిందో చూస్తే చక్రం ఎటు తిరుగుతోందో తెలుస్తుంది. సూది తీసేశారు, ఎవరి వేలూ గుచ్చుకోకుండా. సూది కింద నుంచి బల్ల మీదుగా నేల దాకా ఒక తెల్ల గుడ్డ పరిచారు, పైన ప్రొజెక్టర్.

చక్రం తిప్పితే ఆ గుడ్డ మీద కుట్లు ఒక్కొక్కటీ పడతాయి. వెలుగుతో పడే కుట్లు. అవి పోను పోను అక్షరాలవుతాయి, ఆ అక్షరాలు వాళ్లమ్మ చెప్పిన మాటలు, అదే సమయంలో ఆవిడ గొంతు కూడా వినపడుతుంది. మొదట గొంతు వేగాన్ని చక్రంతో ముడిపెట్టారు, నెమ్మదిగా తిప్పితే గొంతు సాగి వికారంగా వచ్చింది, వాళ్లమ్మ గొంతుని అలా వినలేకపోయారు. అప్పుడు మాటల్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక ముక్క వచ్చేలా మార్చారు. తిప్పడం ఆపితే ఆవిడ మాట మధ్యలో ఆగిపోతుంది. వెనక్కి తిప్పితే కుట్లు ఊడిపోతాయి, గొంతు ఏమీ మాట్లాడదు, మెషీన్ చప్పుడు మాత్రమే.

బోర్డు పెట్టలేదు. ఎవరొచ్చినా చెయ్యి నేరుగా చక్రం మీదికే వెళ్లింది. కుట్టు తెలియనివాళ్లదీ అంతే, ఎందుకంటే చక్రం అంటేనే తిప్పమని అర్థం.

ప్రదర్శనకి ముందురోజు సాయంత్రం వాళ్లమ్మని పిలిచి చూపించారు. ఆవిడ స్టూలు జరుపుకుని కూర్చుంది. చక్రం ముట్టుకోలేదు. ముందు వెనక పక్కకి చెయ్యి పోనిచ్చి, గుడ్డని నొక్కిపట్టే పాదం ఉంటుంది కదా, దాన్ని పైకెత్తే చిన్న లీవరు ఎత్తింది, గుడ్డని అరచేత్తో ఒకసారి సర్దింది, పాదం దింపింది, అప్పుడు చక్రం మీద చెయ్యి వేసింది. ఆవిడ ఆలోచించి చేసింది కాదు, ముప్పై ఏళ్ల చెయ్యి దానంతట అది చేసింది. మన ముగ్గురు పిల్లలూ ఆ లీవరుకి ఏ వైరూ కలపలేదు. అసలు అదొకటుందని వాళ్లు గమనించలేదు. ఆ రాత్రి ఇళ్లకి వెళ్లకుండా కూర్చుని ఆ లీవరు వెనకాల ఒక చిన్న స్విచ్ పెట్టారు. పాదం ఎత్తితే గుడ్డ తెల్లబడుతుంది, కొత్త కథ. మర్నాడు కుట్టు తెలిసిన ప్రతి మనిషీ మెషీన్ దగ్గర కూర్చోగానే ఆ పాదం ఎత్తి దించారు, గుడ్డ వాళ్లకు బదులిచ్చింది. తెలియనివాళ్లు చక్రం తిప్పి వెళ్లారు, వాళ్లకూ లోటు లేదు.

నేను చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఆ లీవరులోనే ఉంది. వస్తువుని తెచ్చుకున్నప్పుడు దానితో ఏళ్ల తరబడి బతికినవాళ్ల చేతుల్ని గమనించండి. ఏ క్రమంలో పట్టుకుంటారు, ఎక్కడ ఆగుతారు, ఏది చూడకుండానే చేస్తారు. మీ సెన్సార్లు ఉండాల్సిన చోట్లు అవే.

పెద్ద కళాకారుల పనుల్లో కూడా ఇదే కనిపిస్తుంది. 1989లో జెఫ్రీ షా ఒక సైకిల్‌ని నేలకి బిగించి ముందు పెద్ద తెర పెట్టాడు, ఆ తెర మీద భవనాలకు బదులు పెద్ద పెద్ద అక్షరాలతో కట్టిన నగరం, పెడల్ తొక్కితే ఆ వీధుల్లో ముందుకెళ్తాం, హ్యాండిల్ తిప్పితే మలుపు తిరుగుతాం. సైకిల్‌ని చూసి ఇదెలా వాడాలి అని ఎవరూ అడగరు కదా. 1999లో డేనియల్ రోజిన్ చేసిన చెక్క అద్దంలో 830 చెక్కముక్కలు, ఒక్కోదానికీ ఒక్కో చిన్న మోటార్, మధ్యలో దాచిన కెమెరా. మీరు ఎదురుగా నిలబడితే ముక్కలు పైకీ కిందికీ వంగి, వెలుగు పడినవి తెల్లగా, పడనివి నల్లగా మారి మీ ఆకారం వస్తుంది. అందులో తెర లేదు. కదిలినప్పుడల్లా చెక్కల గలగల. డిజిటల్ అంటే మెరిసే తెర అని అనుకునేవాళ్లు ఆ పని వీడియోలు తప్పకుండా చూడండి, చప్పుడుతో సహా.

మీరు వైర్లు కలపకముందే చేయాల్సింది ఒకటుంది, దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. వస్తువుని బల్ల మీద పెట్టండి. మీలో ఒకరు తెర వెనక ల్యాప్‌టాప్‌తో కూర్చోండి. ఏమీ తెలియని మనిషిని పిలిచి ముందు కూర్చోబెట్టండి. వాళ్లు వస్తువుని ముట్టుకున్నప్పుడు వెనకున్నవాళ్లు కీ నొక్కి శబ్దమో వీడియోనో వదలాలి, సెన్సార్ పని మనిషి చేస్తున్నాడన్నమాట. మిగతావాళ్లు పక్కన కూర్చుని రాసుకోవాలి, నోరు తెరవకూడదు. ఇలా పదిమందితో చేస్తే ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది, మీ ఆలోచన నిలుస్తుందో లేదో. ఇంకొంచెం ముందుకెళ్లాలంటే మేకీ మేకీ బోర్డు వాడండి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మీడియా ల్యాబ్ విద్యార్థులు జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్ చేసింది, 2012లో జనంలోకి వచ్చింది. కాస్తో కూస్తో కరెంటు పారే ఏ వస్తువుకైనా క్లిప్పు పెడితే దాన్ని కంప్యూటర్ కీబోర్డులో ఒక కీ అనుకుంటుంది. ప్రోగ్రామ్ రాయకుండానే మొదటి నమూనా అయిపోతుంది.

ఇక ప్రదర్శన రోజు టెన్షన్ల గురించి. ఒక గ్రూపు నెలంతా రాత్రిపూట ల్యాబ్‌లో పనిచేసి, వెలుగుని కొలిచే సెన్సార్‌తో బ్రహ్మాండంగా తయారుచేశారు. హాల్లో పెద్ద కిటికీలున్నాయి. ఉదయం పదింటికి ఎండ లోపలికొచ్చింది, సెన్సార్ చచ్చుబడింది, ప్రొజెక్టర్ బొమ్మ గోడలో కలిసిపోయింది. అందుకే ఇంత వెలుగుంటేనే అన్న అంకెల్ని ప్రోగ్రామ్‌లో ముందే ఖాయంగా రాసేయకండి, ఆన్ చేసినప్పుడు చుట్టూ ఉన్న వెలుగుని ఒకసారి కొలుచుకుని దాన్నుంచి తేడా చూసేలా రాయండి, మీరు పెట్టబోయే చోటుని ఏ గంటలో తెరుస్తారో ఆ గంటకే వెళ్లి చూడండి. మోటార్లకి కరెంటు బోర్డు నుంచి ఇవ్వకండి, వేరే సప్లై పెట్టండి, లేకపోతే మోటార్ కదిలిన ప్రతిసారీ బోర్డు రీస్టార్ట్ అవుతుంది, కోడ్‌లో తప్పుందనుకుని రెండు రోజులు వెతుకుతారు. పొద్దున్నే మీరు రాకముందు ఇంకెవరో మెయిన్ స్విచ్ వేస్తారు, ఆ ఒక్క స్విచ్‌తో మొత్తం దానంతట అదే లేవాలి. వైరు బోర్డులోకి వెళ్లే చోట లాగితే ఊడకుండా కట్టండి. పిల్లలు లాగుతారు, లాగాలి కూడా, వాళ్లకోసమే పెట్టాం.

లైట్లు మిణుకుమిణుకుమనేలా చేసేవాళ్లు జాగ్రత్త, సెకనుకు 3 సార్లకు మించి మెరిస్తే కొంతమందికి మూర్ఛ రావచ్చు. బల్ల ఎత్తు గురించి కూడా ఆలోచించండి. ఒకసారి వీల్‌చైర్‌లో వచ్చిన ఒకాయన మా పిల్లలు చేసిన పెట్టె సొరుగుల్లో కింది రెండే తెరవగలిగాడు, పైవాటిలో ఏముందో పక్కనున్నవాళ్లని అడిగి తెలుసుకున్నాడు. నేను సరిచూడాల్సింది అది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కెమెరా వాడితే ఆ సంగతి జనానికి చెప్పండి, వాళ్ల మొహాల్ని రికార్డు చేసి పెట్టుకోకండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: మేడమ్, కొంతమంది అసలు ముట్టుకోరు. దూరం నుంచి చూసి వెళ్లిపోతారు. వాళ్లనేం చేయాలి?)

మంచి ప్రశ్న. చిన్నప్పటి నుంచి ప్రదర్శనశాలల్లో ముట్టుకోవద్దు అనే బోర్డులే చూశాం, ఆ భయం ఒక్క రోజులో పోదు. వాళ్లని బలవంతపెట్టకండి, మీరు వెళ్లి చెయ్యి పట్టుకుని చూపించకండి. ఇంకొకరు ముట్టుకుంటే చూసి నేర్చుకుంటారు, కాబట్టి ఒకరి చేతుల్లో ఏం జరుగుతోందో వెనక నిలబడ్డవాళ్లకు కనిపించేలా పెట్టండి. వస్తువుని గోడ వైపు తిప్పి పెడితే ఆ చేతులు ఎవరికీ కనపడవు. కుట్టుమెషీన్‌ని మేం హాలు మధ్యలో, పక్కవాటుగా పెట్టాం. చుట్టూ ఎప్పుడూ నలుగురు నిలబడి ఉండేవాళ్లు, కూర్చున్న మనిషి లేవగానే ఇంకొకరు కూర్చునేవారు. చూసి వెళ్లిపోయినవాళ్లు కూడా ఆ గొంతు విన్నారు కదా, వాళ్లూ మన ప్రేక్షకులే.

(ఇంకో విద్యార్థి: ప్రదర్శన అయిపోయాక ఆ వస్తువులన్నీ ఏమవుతాయి?)

వీడియో తీసిపెట్టుకోండి, తెరని కాకుండా జనం చేతుల్ని తీయండి, తర్వాత మీకు పనికొచ్చేది అదే. విప్పి ఎక్కడివి అక్కడ ఇచ్చేయండి. కుట్టుమెషీన్ అయితే మాట ప్రకారం ఇంటికి వెళ్లిపోయింది. స్టాండు, సెన్సార్లు, లీవరు వెనక స్విచ్ అన్నీ తీసేశారు, ఆవిడ సూది బిగించి నూనె వేసి ఒకసారి తిప్పి చూసుకుందట. చక్రానికున్న అయస్కాంతాలు కూడా తీయబోతే వద్దని ఆపిందట. కుట్టేటప్పుడు గుండుసూదులన్నీ ఇప్పుడు వాటికే అంటించి పెట్టుకుంటోంది.